గాదె పగలగొట్టడం వరకూ సులువే: చైనా రైతు తిరుగుబాట్లు సైన్యాలకి తిండి ఎలా పెట్టాయి

617వ సంవత్సరం, చైనాలో సుయి రాజవంశం చివరి రోజులు. లువో నది వెళ్ళి హొయాంగ్‌హోలో కలిసే చోట లువోకౌ అని ఒక సర్కారు ధాన్యాగారం ఉండేది. చుట్టూ సుమారు పది కిలోమీటర్ల గోడ, లోపల 3000 పాతర్లు, ఒక్కో పాతరలో 8000 షిల (షి అంటే పాత చైనా ధాన్యం కొలత) ధాన్యం పడుతుంది. పాతర అంటే మన పల్లెల్లో ఒకప్పుడు జొన్నలు పోసి పైన మట్టి కప్పేవాళ్ళు చూడండి, అదే పద్ధతి, కాకపోతే సైజు వేరు. వాగాంగ్ అనే తిరుగుబాటు దళం నుంచి లీ మీ అనేవాడు 7000 మందిని ఏరుకుని వెళ్ళి దీన్ని పట్టేసుకున్నాడు, తలుపులు బార్లా తీసి ఎవడికి ఎంత కావాలో అంత పట్టుకుపొమ్మన్నాడు. కాపలా లేదు, చీటీ లేదు, లెక్క రాసే గుమాస్తా లేడు. మోయలేనంత ఎత్తుకుని దార్లో పారబోసి పోయినవాళ్ళు ఎంతమందంటే గోదాం నుంచి ఊరి గేటు దాకా రోడ్డు మీద బియ్యం కొన్ని అంగుళాల మందాన పడి ఉండి బళ్ళూ గుర్రాలూ తొక్కేవట. పెళ్ళాం పిల్లలతో కలిపి పది లక్షల మంది దాకా చేరారని పాత చరిత్రల్లో రాశారు. కుండలు కూడా లేవు వాళ్ళ దగ్గర, ముళ్ళ కంప తెచ్చి బుట్టలు అల్లుకుని అందులోనే బియ్యం కడుక్కునేవాళ్ళు, కడిగిన చోట రాలిన గింజలతో నది రెండు గట్లూ కొన్ని కిలోమీటర్ల దాకా తెల్ల ఇసక మేట వేసినట్టు కనపడేవట.

లీ మీ దీన్ని చూసి మురిసిపోయాడు, ఇంక తిండికి ఢోకా లేదన్నాడు. పక్కనే ఉన్న జియా రున్‌ఫు అనే అధికారి మాత్రం నీళ్ళు చల్లాడు. ఈ జనం నీకోసం రాలేదు, తిండి కోసం వచ్చారు, రేపు ఇది అయిపోతే అందరూ చెదిరిపోతారు, అప్పుడు ఎవరిని పెట్టుకుని రాజ్యం సాధిస్తావు అని. చైనా రైతు తిరుగుబాట్ల కథ మొత్తానికి ఈ ప్రశ్నే కేంద్రం అనిపిస్తుంది. తిరుగుబాటు ఎందుకు పుట్టిందో అందరూ చెప్తారు, కరువు, పన్నులు, అవినీతి అని. పుట్టాక రోజూ పొద్దున అన్నం ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది తక్కువమంది అడుగుతారు, కానీ చాలా తిరుగుబాట్లు ఎందుకు చచ్చాయో అక్కడే తెలుస్తుంది.

ముందు లెక్క చూడాలి. 11వ శతాబ్దంలో షెన్ కువో అనే సోంగ్ కాలపు అధికారి, స్వయంగా సరిహద్దు యుద్ధం పనులు చూసినవాడు, కూర్చుని ఈ లెక్క వేశాడు. మనిషి రోజుకి 2 షెంగ్‌లు తింటాడు (షెంగ్ అంటే అర లీటరు పైచిలుకు), కూలీ 6 డౌలు అంటే 60 షెంగ్‌లు మోస్తాడు, సైనికుడు తన ఐదు రోజుల తిండి తనే మోసుకుంటాడు. ఒక సైనికుడికి ఒక కూలీని పెడితే 18 రోజులు గడుస్తుంది, ఎందుకంటే కూలీ కూడా తింటాడు కదా, మోసేదాంట్లో సగం మోసేవాడే తినేస్తాడు. ఇద్దరు కూలీలైతే 26 రోజులు, ముగ్గురైతే 31 రోజులు. తిరిగి రావడం కూడా లెక్క వేసుకుంటే ముగ్గురు కూలీలున్నా ముందుకి పోగలిగేది 16 రోజులే. లక్ష మంది సైన్యమైతే అందులో మూడో వంతు సామాన్లకే పోతుంది, నిలబడి కొట్లాడేది 70 వేల మంది, వాళ్ళ కోసం మోసేది మూడు లక్షల మంది. ఇది సర్కారు సైన్యం సంగతి, గాదెలు, గుమాస్తాలు, బళ్ళు, పడవలు అన్నీ ఉన్నవాళ్ళ సంగతి. ఇవేవీ లేని తిరుగుబాటుదారులు, పైగా ముసలీముతకా చంకన పిల్లలతో సహా కుటుంబాలు వెంటేసుకుని నడిచేవాళ్ళు, ఏం మోసుకెళ్తారు? మోయలేరు. అందుకే వాళ్ళు తిండి ఉన్న చోటికే నడిచేవాళ్ళు. మ్యాప్ మీద చాలా తిరుగుబాట్ల దారి గీస్తే పిచ్చిగీతల్లా ఉంటుంది, ఏ జిల్లాలో పంట పండింది, ఎక్కడ గోదాం ఉంది అని పక్కన పెట్టుకుని చూస్తే ఆ గీతలు చాలావరకు అర్థమవుతాయి.

క్రీ.శ. 18లో షాన్‌డోంగ్ వైపు కరువులో పుట్టిన ఎర్ర కనుబొమల దళం (యుద్ధంలో తమవాళ్ళని గుర్తుపట్టడానికి కనుబొమలకి ఎరుపు పూసుకునేవాళ్ళు) ఇందుకు మంచి ఉదాహరణ. వీళ్ళకి జెండాలూ ఆర్డర్లూ పెద్దగా లేవు, చంపినవాణ్ణి చంపాలి, గాయపరిచినవాడు నష్టపరిహారం కట్టాలి, అంతే రూలు. తింటూ నడుస్తూ 25లో రాజధాని చాంగాన్‌లోకే వచ్చేశారు. అంత పెద్ద ఊరు చేతికొచ్చాక చేసిందేంటంటే ఉన్నది తినడం. ఏడాది తిరిగేలోపు అయిపోయింది, 26లో ఊరొదిలి పడమటి కొండల్లోకి పోయారు, అక్కడ మంచు, చాలామంది చచ్చారు, వెనక్కొచ్చి హాన్ చక్రవర్తుల సమాధులు తవ్వుకున్నారు, సమాధుల్లో బంగారం దొరుకుతుంది గానీ గింజలు దొరకవు. అవతల తూర్పున లియు షియు, తర్వాత హాన్ వంశాన్ని మళ్ళీ నిలబెట్టినవాడు, తన సేనాపతికి తొందరపడొద్దని కబురు పెట్టాడు, ఎర్ర కనుబొమలవాళ్ళ దగ్గర ధాన్యం లేదు, వాళ్ళే తూర్పుకి వస్తారు, వచ్చాక చూసుకుందాం అని. అలాగే వచ్చారు. 27 మొదట్లో యియాంగ్ దగ్గర లొంగిపోయారు. లియు షియు ముందు చేసిన పని, జిల్లా వంటశాలల నుంచి వండించి ఆ లక్ష మందికి పైగా జనానికి కడుపు నిండా పెట్టించడం. ఇంత శుభ్రంగా తిండితో గెలిచిన యుద్ధం ఇంకోటి చెప్పడం కష్టం.

సరే, మళ్ళీ లీ మీ దగ్గరికి వద్దాం, ఎందుకంటే అతను ఓడిపోయిన తీరు కూడా తిండి కథే. లువోకౌ తర్వాత లియాంగ్ గోదాం కూడా అతని పక్షం చేతికొచ్చింది, గోదాం తెరిచిన పది రోజుల్లో రెండు లక్షల మంది కొత్త సైనికులు చేరారని రాశారు. ఎదురుగా లువోయాంగ్ నగరంలో సుయి సేనాపతి వాంగ్ షిచోంగ్ ఆకలితో మాడుతున్నాడు, రోజూ వందల మంది నగరం వదిలి లీ మీ వైపు వచ్చేస్తున్నారు. ఇంకొన్నాళ్ళు గట్టిగా కూర్చుంటే అయిపోయేది. కానీ లీ మీ సైన్యానికి బట్టల్లేవు, వాంగ్ దగ్గర తిండి లేదు, మారకం చేసుకుందామని వాంగ్ అడిగాడు. బింగ్ యువాన్‌జెన్ అనే లీ మీ మనిషి తన లాభం చూసుకుని ఒప్పించాడు. బియ్యం నగరంలోకి పోయింది, కడుపులో ఇంత పడగానే నగరం నుంచి వచ్చే జనం తగ్గిపోయారు. లీ మీ నాలుక్కరుచుకుని ఆపేశాడు గానీ అప్పటికే లేటు. 618లో వాంగ్ షిచోంగ్ ఇతన్ని చావుదెబ్బ కొట్టాడు, అదే బింగ్ యువాన్‌జెన్ లువోకౌ గోదాం తీసుకెళ్ళి వాంగ్‌కి అప్పగించేశాడు. గోదాం పోగానే సైన్యం పోయింది. జియా రున్‌ఫు చెప్పింది రెండేళ్ళు కూడా తిరక్కుండా నిజమైంది.

ఈలోపు పడమటి వైపు లీ యువాన్ అనే సుయి అధికారి, రైతు కాదు, పెద్దింటి మనిషి, అతను కూడా 617లోనే తిరగబడి, దార్లో యోంగ్‌ఫెంగ్ గోదాం పట్టుకుని జనానికి పంచి, చాంగాన్‌లో దిగి తాంగ్ వంశం పెట్టాడు. అతనూ గాదె తెరిచాడు కదా మరి తేడా ఏంటి అంటే, అతని చేతిలో గాదెతో పాటు చాంగాన్ చుట్టూ ఉన్న వీ నది లోయ, అక్కడి ఊళ్ళు, పన్నులు వసూలు చేసే పాత గుమాస్తాలు అందరూ ఉన్నారు. లీ మీ దగ్గర కుండ ఉంది, ఇతని దగ్గర బావి ఉంది. ఇక్కడ సుయి వంశం గురించి ఒక చిన్న మాట, ఆ గోదాములు నదుల మీద, కాలవల మీద పన్ను ధాన్యం తెచ్చి నింపినవి, పక్కనే జనం కరువుతో చస్తున్నా తాళం తియ్యని గోదాములు. లువోయాంగ్‌లోని హాన్‌జియా గోదాం 1970ల్లో తవ్వకాల్లో బయటపడింది, ఒక పాతరలో బొగ్గుగా మారిన ధాన్యం సుమారు 250 టన్నులు అలాగే ఉంది. అది తర్వాతి తాంగ్ కాలంలో వాడిన గోదాం, అయినా ఆ పాతర్లు ఎంతెంత ఉండేవో కళ్ళారా చూడాలంటే అదే చూడాలి.

తాంగ్ వంశం చివర్లో వచ్చిన హువాంగ్ చావో కథ ఇంకా భయంకరం. ఇతనూ, ఇతనికన్నా ముందు లేచిన వాంగ్ షియన్‌జీ కూడా దొంగ ఉప్పు వ్యాపారులు. 758లో సర్కారు ఉప్పుని తన గుత్త చేసుకుని డౌ 10 నాణేలున్న ధరని 110 చేసింది, అప్పటి నుంచి దొంగ ఉప్పు పెద్ద బిజినెస్. దీనివల్ల వీళ్ళకి దొంగదారులు, పడవలు, ఆయుధాలున్న మనుషులు, ఏ ఊళ్ళో ఎవడి దగ్గర ఏముందో సమాచారం, అన్నీ ముందే ఉన్నాయి. హువాంగ్ చావో సైన్యం ఒక చోట కుదురుగా ఉండేది కాదు, ఉత్తరం నుంచి దక్షిణాన గ్వాంగ్‌జౌ దాకా వెళ్ళి మళ్ళీ పైకొచ్చింది, నడిచినంత కాలం తిండి దొరికింది, ఎందుకంటే నడుస్తున్న సైన్యానికి ప్రతి నెలా కొత్త జిల్లా, కొత్త గాదె. 881 మొదట్లో చాంగాన్‌లో కూర్చున్నాడు, కూర్చోవడంతోనే చిక్కొచ్చింది. కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయంటారు, ఇక్కడ అసలు కొండే లేదు, చాంగాన్ తినేది దక్షిణం నుంచి పడవల మీద వచ్చే ధాన్యం, ఆ దారులు ఇతని చేతిలో లేవు. చుట్టూ సర్కారు సైన్యాలు కమ్ముకున్నాయి, పల్లె జనం కొండల మీద కంచెలు కట్టుకుని దాక్కున్నారు, పొలాలు బీడు పడ్డాయి. తాంగ్ మంచి రోజుల్లో డౌ బియ్యం మూడు నాలుగు నాణేలకి దొరికిందని గొప్పగా చెప్పుకునేవాళ్ళు, ఇప్పుడు అదే డౌ 30 వేల నాణేలు పలికింది. సర్కారు సైనికులే కొండల్లోని జనాన్ని పట్టుకొచ్చి హువాంగ్ చావో మనుషులకి తిండి కింద అమ్మారని రాశారు. ఇలాంటివి చదివేటప్పుడు రాసినవాళ్ళు గెలిచిన పక్షం వాళ్ళని గుర్తుపెట్టుకోవాలి, తిరుగుబాటుదారుల్ని రాక్షసులుగా చూపడం వాళ్ళకి అవసరం, కానీ ఈ మాట సర్కారు వాళ్ళకే మచ్చ కాబట్టి ఊరికే కల్పించి ఉంటారనుకోలేం.

అక్కణ్ణుంచి బయటపడి 883లో చెన్‌జౌ అనే ఊరి మీద పడ్డాడు, దాదాపు 300 రోజులు ముట్టడి వేసి కూర్చున్నాడు. ఇంత చిన్న ఊరి కోసం ఇన్ని రోజులెందుకు అంటే పంతం ఒక కారణం, తన సేనాపతిని ఆ ఊరివాళ్ళు చంపారు. కానీ ఊరి పెద్ద జావో చోవ్ ముందే పసిగట్టి చుట్టుపక్కల ముప్పై కిలోమీటర్లలో ధాన్యం ఉన్న ప్రతి ఇంటినీ కోట లోపలికి తోలేశాడు. లోపలున్నవాళ్ళు తిన్నారు, బయటున్నవాళ్ళు మాడారు. ఈ పద్ధతి, గోడలు గట్టి చేసి పొలాలు ఖాళీ చెయ్యడం, తర్వాత సర్కారు తరఫున అసలు ఆయుధమైపోయింది. 1796లో లేచిన తెల్ల తామర తిరుగుబాటుని చింగ్ ప్రభుత్వం ఎనిమిదేళ్ళు పదికోట్ల టేల్‌లకి (టేల్ అంటే పాత చైనా వెండి తూకం) పైగా వెండి పోసి కూడా కత్తులతో అణచలేక, చివరికి ఊరూరా గోడలు కట్టించి ధాన్యం లోపల పెట్టించి వాళ్ళని ఆకలికి వదిలేసింది.

మరి పండించుకున్నవాళ్ళు లేరా అంటే ఉన్నారు. సోంగ్ కాలంలో 1130లో దోంగ్‌తింగ్ సరస్సు దగ్గర జోంగ్ షియాంగ్, అతని తర్వాత యాంగ్ యావ్ నడిపిన తిరుగుబాటు అయిదేళ్ళు నిలబడింది. వీళ్ళు ఎండాకాలం, వానాకాలం దున్నుకునేవాళ్ళు, శరదృతువులో నీళ్ళు తగ్గాక కోసిన ధాన్యం సరస్సులోని కంచె ఊళ్ళలో పెట్టి, ముసలివాళ్ళనీ పిల్లల్నీ పడవల్లో ఎక్కించి, అప్పుడు కొట్లాటకి బయల్దేరేవాళ్ళు. కాళ్ళతో తొక్కే చక్రాల పడవలుండేవి. 1135లో సోంగ్ సేనాపతి యుయె ఫెయ్ వచ్చి అణిచాడు గానీ ఓటమికి ఆకలి ఒక్కటే కారణమని అనలేం. సమస్యల్లా ఏంటంటే పొలాన్ని వీపు మీద వేసుకుని నడవలేరు, సరస్సు దాటి రాజధాని మీదకి పోలేరు.

ఇంతకన్నా వింత ఉదాహరణ పసుపు తలపాగాల వాళ్ళది. 184లో లేచిన ఆ తిరుగుబాటు ముక్కలైపోయాక 192లో చింగ్‌జౌ వైపు ముక్క ఒకటి, 3 లక్షల మంది సైనికులు, కుటుంబాలతో కలిపి పదిలక్షల పైన, త్సావో త్సావో అనే యుద్ధనాయకుడికి లొంగిపోయారు. ఆ రోజుల్లో ఉత్తరాన యువాన్ షావో అనే ఇంకో నాయకుడి సైనికులు మల్బరీ పళ్ళు ఏరుకుని తింటున్నారు, దక్షిణాన యువాన్ షు సైనికులు నత్తలు, ఆల్చిప్పలు తింటున్నారు, శత్రువు రాకుండానే చెదిరిపోయిన దళాలు లెక్కలేనన్ని. త్సావో త్సావో మాత్రం 196లో షు అనే ఊరి దగ్గర బీడు భూములకి మనుషుల్ని ఎక్కించి, పసుపు తలపాగాల నుంచి గుంజుకున్న ఎద్దులూ నాగళ్ళూ పెట్టి సర్కారు సేద్యం మొదలెట్టాడు. సర్కారు ఎద్దు వాడితే పంటలో ఆరు పాళ్ళు సర్కారుకి నాలుగు రైతుకి, సొంత ఎద్దైతే చెరి సగం. మొదటి ఏడే పదిలక్షల హుల (ఇదీ ధాన్యం కొలతే) ధాన్యం వచ్చింది. అంటే తిరగబడ్డ రైతులే, వాళ్ళ ఎద్దులే, వాళ్ళని అణిచినవాడి సైన్యాన్ని పోషించాయి. మన గాదె మనమే నింపుకుందామన్న ఆలోచన ఆ తిరుగుబాటు నాయకులకి రాలేదా, వచ్చినా ఒక్క పంటకాలం పాటు కూడా ఎవరూ నిలవనివ్వలేదా, రెండోదే ఎక్కువ నిజం అనిపిస్తుంది. నాటడానికీ కోతకీ మధ్య నెలలు కావాలి, తరుముతున్న సైన్యం ఆ నెలలు ఇవ్వదు.

ఆ నెలలు సంపాదించుకున్నవాడు జూ యువాన్‌జాంగ్, తర్వాత మింగ్ వంశం పెట్టినవాడు. 1344 కరువులో తల్లినీ తండ్రినీ పోగొట్టుకుని గుడిలో చేరి అడుక్కుతిన్న మనిషి, ఆకలంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎర్ర తలపాగాల తిరుగుబాటులో పైకొచ్చి 1356లో నాన్‌జింగ్ పట్టుకున్నాడు. జూ షెంగ్ అనే పండితుడు ఇతనికి చెప్పిన సలహా చైనాలో పిల్లలకి కూడా తెలుసు, గోడ ఎత్తుగా కట్టు, ధాన్యం బాగా కూడబెట్టు, రాజునని చెప్పుకోవడానికి తొందరపడకు అని. మొదట్లో ఇతని సైన్యం కూడా ఊళ్ళ మీద పడి కోట ధాన్యం పేరుతో గుంజుకునేది, జనం గోల పెడితే 1360లో దాన్ని ఎత్తేశాడు. ఎత్తెయ్యగలిగాడు, ఎందుకంటే 1358లోనే కాంగ్ మావోత్సాయ్‌ని కాలవలూ సేద్యమూ చూడమని పెట్టాడు, సైనికులు దున్నడం మొదలైంది. 1363లో చూస్తే అందరు సేనాపతుల్లోకీ కాంగ్ మావోత్సాయ్ దళమే 15 వేల షిలు పండించి, తిన్నది పోను 7 వేలు మిగిల్చింది, మిగతావాళ్ళని ఇతన్ని చూసి నేర్చుకోమని తిట్టాడు. 15 వేల షిలు సముద్రంలో కాకిరెట్టే, అప్పటి మంగోల్ పాలకుల యువాన్ వంశం రాజధానికి మంచి రోజుల్లో సముద్రం మీద ఏడాదికి 35 లక్షల షిల పన్ను ధాన్యం వెళ్ళేది. కానీ ఆ మిగులు అన్న మాట చూడండి, తిరుగుబాటు సైన్యాల కథల్లో అది చాలా అరుదు. అదే టైమ్‌లో సుజౌ ధాన్యం దేశం మీద కూర్చున్న జాంగ్ షిచెంగ్, ఉప్పు పడవలు నడిపినవాడు, యువాన్‌కి లొంగినట్టు నటిస్తూ కొన్నేళ్ళు ఏటా లక్షా పదివేల నుంచి లక్షా ముప్పై వేల షిల వరకూ రాజధానికి పంపి 1363లో ఆపేశాడు. చివర్లో సుజౌని ముట్టడించే దాకా ఇతనికి తిండి కొరత కాలేదు, అయినా జూ యువాన్‌జాంగ్ చేతిలో ఓడిపోయాడు. ధాన్యం ఉంటే గెలుస్తారని కాదు మరి.

మింగ్ వంశం చివర్లో లీ జిచెంగ్ దగ్గర విషయం ఇంకో మలుపు తిరుగుతుంది. 1641లో లువోయాంగ్ పట్టుకుని, రాజుగారి బాబాయి, లావుగా బలిసిన ఫూ యువరాజుని చంపి అతని గాదెలు జనానికి పంచాడు. అప్పట్లో జనం నోట్లో పాట, చువాంగ్ రాజుని (అంటే లీ జిచెంగ్‌నే) పిలుద్దాం రండి, ఇంక పన్ను ధాన్యం కట్టక్కర్లేదు అని. ఎన్నికల హామీలా ఉంది కదా. పన్నుల మీద పన్నులతో నలిగిన జనానికి ఇంతకన్నా తియ్యటి మాట లేదు, ఊళ్ళు కోట తలుపులు తెరిచేసేవి. కానీ పన్ను వద్దన్నాక లక్షల మంది సైన్యం ఏం తినాలి? ఉన్నవాళ్ళ దగ్గర గుంజాలి. 1644 ఏప్రిల్‌లో పెకింగ్‌లో దిగాక అదే జరిగింది, మింగ్ అధికారుల్ని పట్టుకొచ్చి పదవిని బట్టి రేటు కట్టి, ఇవ్వనివాళ్ళని చిత్రహింస పెట్టి వెండి రాబట్టారు. వెండి ఎంత వచ్చిందన్నదాని మీద పాత పుస్తకాల్లో నోటికొచ్చిన అంకెలున్నాయి, అవి వదిలేద్దాం. ముఖ్యమైంది ఏంటంటే రాజ్యం నడపడానికి తనకి కావాల్సిన గుమాస్తాలు, అధికారుల్నే కాళ్ళు విరగ్గొట్టాడు, అంటే రేపు పన్ను వసూలు చేసే చేతుల్నే. సుమారు 40 రోజుల్లో పెకింగ్ వదిలి పారిపోవాల్సొచ్చింది.

చింగ్ వంశం మీద తిరగబడ్డ తైపింగ్ వాళ్ళు ఈ విషయం మీద అందరికన్నా ఎక్కువ ఆలోచించారనే చెప్పాలి. 1851లో మొదలైన దగ్గర్నుంచి పవిత్ర ఖజానా అని ఒకటే ఉమ్మడి గాదె, చేరేవాడు ఇల్లూ పొలం అమ్ముకుని తెచ్చిన డబ్బు అందులో వెయ్యాలి, అందరూ అందులోంచే తినాలి, సొంతంగా దాచుకుంటే శిక్ష. కొన్ని వేల మంది కొండల్లో తిరిగేటప్పుడు ఇది అద్భుతంగా పనిచేసింది. 1853లో నాన్‌జింగ్ పట్టుకున్నాక ఏకంగా భూమి మొత్తం పంచేసి, 25 ఇళ్ళకి ఒక గాదె చొప్పున, మిగులంతా అందులో పోయాలని కాగితం మీద రాశారు. అమలు కాలేదు. 1854లో నగరంలో బియ్యం తగ్గి జావ కాసుకునే పరిస్థితి వచ్చాక నాయకులు ఒక నిర్ణయం తీసుకున్నారు, పల్లెల్లో పాత పద్ధతిలోనే ధాన్యం, పన్ను కట్టించుకుందాం అని. అంటే పాత భూస్వాములు, పాత పత్రాలు, పాత రసీదులు. దీన్ని ఆశయానికి ద్రోహం అని తిట్టినవాళ్ళున్నారు, కానీ ఆ పాత పద్ధతే ఇంకో పదేళ్ళు వాళ్ళని బతికించింది.

తర్వాత కథ యాంగ్సీ నది మీద నడిచింది. నాన్‌జింగ్‌కి బియ్యం ఎగువ నుంచి రావాలి, చింగ్ తరఫున జెంగ్ గువోఫాన్ ఎగువ నుంచి ఒక్కొక్క ఊరూ పీకుతూ వచ్చాడు, 1861 సెప్టెంబర్‌లో ఆన్‌చింగ్ పడిపోయింది. ఆ ముట్టడిలో విదేశీ వర్తకుల ఓడలు లోపలివాళ్ళకి బియ్యం అమ్ముకుని లాభాలు చేసుకున్నాయి, ఆ దారి మూసేశాక ఊరు నిలవలేదు. 1864కి నాన్‌జింగ్ చుట్టూ ఉచ్చు బిగిసింది. తిండి లేదు, ఊరొదిలి పోదాం అని సేనాపతి లీ షియుచెంగ్ చెప్తే, రాజు హాంగ్ షియుచువాన్ దేవుడు కురిపించే తియ్యటి మంచు తినండి అన్నాడు, తోటలో కలుపు మొక్కలు పీకించి ఉండలు చేయించి ముందు తనే తిన్నాడు, జూన్ 1న పోయాడు. లీ షియుచెంగ్ ఆకలితో ఉన్న జనాన్ని కోట దాటించి పంపేశాడు, లక్షా ముప్పై వేలకి పైనే అని పట్టుబడ్డాక తన వాంగ్మూలంలో రాసుకున్నాడు. లోపల మిగిలినవాళ్ళు ఊళ్ళో ఉత్తరం వైపు ఖాళీ జాగాలన్నీ దున్ని గోధుమ చల్లారు. జూలై 19న సర్కారు సైన్యం కోటగోడ కింద సొరంగం తవ్వి మందుగుండు పెట్టి పేల్చి లోపలికొచ్చింది.